పక్కిల్లా, పక్కా ఇల్లా?

సఫూరాకు కోపం వస్తే పుదీనా కట్టలు లావెక్కుతాయి. మనసు నిమ్మళంగా ఉన్ననాడు పిడికెడంటే పిడికెడే తీసి దారం చుడుతుంది. ఒళ్లు మండిన రోజు చేతికి ఎంత వస్తే అంత గుంజి కట్టిపడేస్తుంది. ఆ గురువారం పొద్దున కాలనీ ఆడవాళ్లు ఒక్కొక్క కట్ట కొని రెండు రోజుల పచ్చడికి సరిపడా పట్టుకుపోయారంటే ఆమె కోపం ఏపాటిదో మీరే ఊహించుకోండి.

కోపం మొగుడి మీద. నిజం చెప్పాలంటే ఇస్హాక్ మీద కోపం తెచ్చుకోవడం అంత సులువు కాదు. పల్లెత్తు మాట అనడు, దారిన పోయేవాణ్ణి పిలిచి చాయ్ తాగించేదాకా వదలడు. ఆ మంచితనమే ఈసారి కొంప ముంచింది. ముంచడానికి ఆ కొంపలో మాత్రం ఏముందని!

శామీర్‌పేట నుంచి మేడ్చల్ పోయే దారిలో బండబావి అని చిన్న ఊరు. ఊరి చివర బోరు కింద అర ఎకరంలో ఇస్హాక్, సఫూరా ఆకుకూరలు పండిస్తారు. ఆ మడి పక్కనే ఇస్హాక్ తాత కట్టిన మట్టిగోడల పెంకుటిల్లు. ఆ ఇంటి తీరు ఏమిటంటే, వాన బయట ఆగిపోయినా లోపల ఇంకో గంట పడుతుంది. కాపురానికి వచ్చిన ఇరవై రెండేళ్లలో సఫూరా ఆ ఇంటి పైకప్పును ఖురాన్ నేర్చుకున్నంత శ్రద్ధగా నేర్చుకుంది. ఎక్కడ తపేలా పెట్టాలో, ఎక్కడ బకెట్ పెట్టాలో కళ్లు మూసుకుని చెప్పగలదు. డిగ్రీ చదివే కూతురు నజ్‌నీన్ సర్టిఫికెట్లు బియ్యం డబ్బాలో ఉంటాయి. ఇంట్లో నమ్మకంగా పొడిగా ఉండే జాగా అదొక్కటే.

అలాంటి ఇంటికి సర్కారు లోన్ కబురు వచ్చింది. సొంత జాగా ఉండి పక్కా ఇల్లు లేని పల్లెటూరి వాళ్లకు బ్యాంకు అప్పిస్తుంది, పూచీకత్తు సర్కారుది. పొలం కాగితం తప్ప జీతం కాగితం లేని ఇస్హాక్ లాంటివాడికి ఇంకో దారిలో ఏ బ్యాంకూ గడప తొక్కనివ్వదు. ఇందులో ఒక మెలిక ఉంది. ఊరు పంచాయతీగా ఉన్నంతవరకే ఈ లోన్. బండబావి వచ్చే నెల ఒకటో తారీఖున మున్సిపాలిటీలో కలుస్తోంది. ఊళ్లో బర్రెలు అవే, బురద అదే, పేరుకు మాత్రం పట్నం అయిపోతుంది. అయిపోయిందా, లోన్ మాట మరిచిపోవాల్సిందే. అందుకే సఫూరా అందరికంటే ముందు దరఖాస్తు పెట్టించింది.

బుధవారం సాయంత్రం పంచాయతీ ఆఫీసు గోడకు జాబితా అంటించారు. నజ్‌నీన్ వేలు పెట్టి చదివింది. "షేక్ ఇస్హాక్. అర్హత లేదు. కారణం, పక్కా ఇల్లు ఉంది." అభ్యంతరాలు ఉంటే శుక్రవారం సాయంత్రం అయిదింటిలోగా చెప్పుకోవాలట.

"పక్కా ఇల్లా! ఏడున్నదంట? నాక్కూడ జూపియ్యుండ్రి, నేను బోయి హాయిగ పండుకుంట!" అని సఫూరా నడివీధిలో నిలబడి అరిచింది.

ఇంటికి వచ్చి మొగుణ్ణి నిలదీసింది. కొడుకు పేరుకు 'అబ్బా', అంటే నాన్న, చేర్చి మొగుణ్ణి పిలవడం ఆమెకు అలవాటు. ఆ కొడుకు గండిమైసమ్మ దగ్గర మెకానిక్ షెడ్డు పెట్టుకుని అక్కడే ఉంటున్నాడు.

"ఏజాజ్ అబ్బా! సర్వే సారు వచ్చిననాడు నేను మడిల ఉన్న. నువ్వేం జెప్పినవ్ ఆయనకు?"

"ఏం జెప్పలే. చాయ్ తాపిచ్చిన. మస్తు మంచి మనిషి, రెండుసార్లు అడిగి తాగిండు."

"చాయ్ సంగతి గాదయ్యా, ఇంటి సంగతి!"

"అడిగినయన్నిటికీ ఔ అన్న. సర్కారు మనిషికి కాదంటమా?"

ఇక ఈయనతో పెట్టుకుంటే లాభం లేదనుకుంది. ఆ గురువారమే, పొద్దున ఆ లావు కట్టలన్నీ అమ్మేసి, బుర్ఖా వేసుకుని మేడ్చల్ బస్సెక్కింది.

ఆఫీసులో శైలజ అనే ఇంజనీరు మేడం ఉంది. ముప్పై ఏళ్లుంటాయేమో. వివరాలు అడిగి కంప్యూటర్లో వెతికింది.

"ఇల్లు మంచిగనే ఉన్నది గద అమ్మా. రెండంతస్తులు."

"ఎవలది?"

"మీదే."

శైలజ కంప్యూటర్ తెరను ఆమె వైపు తిప్పింది. తెల్ల రంగు వేసిన రెండంతస్తుల మేడ, స్టీలు గేటు, గేటు మీద కాగితంపూల తీగ. దాని ముందర చేతిలో కప్పూ సాసరూ పట్టుకుని ముప్పై రెండు పళ్లూ కనబడేలా నవ్వుతూ ఇస్హాక్.

"పెండ్లినాడు గూడ గింత నవ్వలే గీ మనిషి," అంది సఫూరా, ముందు నోట్లోకి వచ్చిన మాట అదే.

ఆ మేడ వెంకటరామయ్యది. తణుకు నుంచి వచ్చి పోస్టాఫీసులో ఉద్యోగం చేసి రిటైరై, బండబావిని ఆనుకుని లేచిన కాలనీలో ఇల్లు కట్టుకున్నాడు. ఆయన మేడకీ ఇస్హాక్ ఇంటికీ మధ్య గోడ ఒక్కటే. ఆ గోడ మీదుగా ఇటునుంచి పుదీనా పోతుంది, అటునుంచి ఆయన భార్య సీతామహాలక్ష్మి చేతి ఆవకాయ వస్తుంది. ఇస్హాక్ ఇంటికి పెద్దమనిషి ఎవరొచ్చినా కూర్చునేది వెంకటరామయ్య వరండాలోనే. అది ఏళ్ల తరబడి సాగుతున్న ఆచారం. సర్వే సారును కూడా అక్కడే కూర్చోబెట్టాడన్నమాట మహానుభావుడు.

"ఇది మా ఇల్లు గాదు మేడం."

"ఫోటోల మీ ఆయన ఉన్నడు, కింద సంతకం ఉన్నది. మీది కాదంటే నేనెట్ల నమ్మాలె?"

సఫూరా తెర మీదికి వంగింది. గేటు, తీగ, మెట్లు అన్నీ వెతికి ఒకచోట వేలు పెట్టింది.

"గిదేంది మేడం?"

"తులసికోట."

"షేక్ ఇస్హాక్ ఇంట్ల తులసికోట ఎందుకుంటది? పసుపు రాసి, బొట్లు వెట్టి, ముంగట దీపం గూడ వెట్టి ఉన్నది. నమాజ్ చదివి లేసినంక నేనే వెట్టిన్ననా?"

శైలజ ఒక్క క్షణం ఆ తులసికోట వంక చూసింది. తర్వాత నవ్వు మొదలైంది. కుర్చీలో వెనక్కి వాలి, కొంగుతో కళ్లు తుడుచుకుని, మళ్లీ చూసి మళ్లీ నవ్వింది. సర్వేకు వెళ్లిన జనార్ధన్‌కు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది.

"నేను అడగకుంట రాస్తనా మేడం!" అన్నాడు జనార్ధన్. "'ఇదేనా పక్కా ఇల్లు' అని సాఫ్‌గ అడిగిన. 'ఔ సార్, గిదే పక్కిల్లు' అన్నడు. రెండుసార్లు అడిగిన, రెండుసార్లూ అదే మాట. ఇగ ఫోటో కొట్టిన."

అదీ సంగతి! ఉర్దూలో అడిగి ఉంటే పక్కా అంటే గట్టి ఇల్లని ఇస్హాక్‌కు చిటికెలో తెలిసేది. సర్కారు మనిషి తెలుగులో అడిగాడు, ఇతనూ మర్యాదగా తెలుగులోనే విన్నాడు. పక్క ఇల్లా అంటే పక్క ఇల్లే అన్నాడు. పాపం, అబద్ధం మాత్రం ఆడలేదు.

"రేపు నేనే వచ్చి చూస్త," అంది శైలజ నవ్వు ఆపుకుని. "కాని ఒక్క మాట అమ్మా. పక్కా ఇల్లు ఉన్నదని సంతకం వెట్టింది మీ ఆయన. మాకు పక్కా ఇల్లు లేదు, ఉన్న ఇల్లు ఉండటానికి పనికిరాదు అని ఆయనే నా ముందట నోటితోని చెప్పాలె. మీరు చెప్తే చెల్లదు. సాయంత్రం అయిదు దాటితే నేను గూడ ఏం జెయ్యలేను."

సఫూరా సరేనని బయటికి వచ్చింది. మేడం అదేదో చిన్న విషయం అనుకుంటోంది. ఇస్హాక్ నోట ఆ మాట రావడం ఎంత కష్టమో ఆమెకేం తెలుసు! చుట్టాలు వచ్చినప్పుడు గోడ ఉబ్బి పెచ్చులు రాలితే సున్నం వేయిస్తున్నానంటాడు. నెత్తిన చుక్క పడితే పెంకు కాస్త జరిగిందంటాడు. ఇన్నేళ్లలో తన దగ్గర కూడా ఒక్కసారి ఇల్లు కురుస్తుందని అన్న పాపాన పోలేదు. గిన్నెలు పెట్టేది తాను, ఎత్తిపోసేది తాను. ఆయన అటు తిరిగి పడుకుంటాడు. ఈ మనిషికి అసలు కనబడదా అని ఆమె ఎన్నిసార్లు లోపల్లోపల ఏడ్చుకుందో లెక్కలేదు.

సాయంత్రం మొగుడికి జరిగిందంతా చెప్పింది.

"ఇంటికొచ్చిన మెహ్మాన్‌ను తడి గోడల కింద కూసోబెడతనా?" అన్నాడు ఇస్హాక్ చిన్నబోయి. "మా అబ్బా ఎన్నడన్న కూసోబెట్టిండా?"

"రేపు కూసోబెట్టాలె. ఇల్లు ఎట్లున్నదో గట్లనే ఉండాలె. చీపురు గూడ జరపొద్దు. సమజైందా?"

"సమజైంది," అన్నాడు. సమజైన మనిషి అంత జల్దీ ఒప్పుకోడని ఆమెకు అప్పుడే తట్టి ఉండాల్సింది.

శుక్రవారం మధ్యాహ్నం రెండింటికే సఫూరా రోడ్డు మీదికి వెళ్లి నిలబడింది. ఆకాశం నల్లగా మూసుకుని ఉంది. ఇరవై రెండేళ్లు తిట్టిన వానను ఆ రోజు మొదటిసారి బతిమాలింది. యా అల్లా, ఒక్క అరగంట, గట్టిగా కురిపించు చాలు అనుకుంది. మూడు దాటాక స్కూటీ మీద శైలజ వచ్చింది. ఇద్దరూ మడి గట్టు మీదుగా నడిచి ఇంటికి చేరారు. సఫూరా తలుపు తీసింది.

నడిమి గదిలో వెంకటరామయ్య గారి సోఫా. తడికి ఉబ్బిన గోడ కనబడకుండా సీతామహాలక్ష్మి గారి పట్టు అంచు కర్టెన్లు. పైన పెంకులు కనబడకుండా, టెంటు సామాను అద్దెకిచ్చే వాళ్ల దగ్గర తెచ్చిన ఎర్ర శామియానా గుడ్డ ఈ మూల నుంచి ఆ మూలకు బిగించి కట్టి ఉంది. మధ్యలో టీపాయ్, దాని మీద ప్లాస్టిక్ పూలు. ఆ పక్కనే ఘనకార్యం చేసిన ముఖాలతో ఇస్హాక్, ఆ మొగుడూపెళ్లాలూ ముగ్గురూ నిలబడి ఉన్నారు.

"మా గడప తొక్కినందుకు మీ లోను పోవడమేమిటి సఫూరా, చచ్చేంత సిగ్గేసిందనుకో," అంది సీతామహాలక్ష్మి. "ఆఫీసరమ్మ వస్తోందంటే ఇల్లు కాస్త ఒద్దికగా ఉండొద్దూ? అందుకే మేమే సర్దాం."

"సోఫా గోడ మీంచి దించడానికి నలుగురు మనుషులు కావాల్సొచ్చిందండీ," అన్నాడు వెంకటరామయ్య గర్వంగా.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. సఫూరా నెత్తి పట్టుకుని గడపలోనే కూలబడింది. శైలజ పైకి చూసింది.

"ఫాల్స్ సీలింగ్ గూడ చేయించిండ్రా?" అంది పెదవులు బిగించి. "గిప్పుడు ఫోటో తీస్తే ముందటి ఫోటో కంటె పెద్ద ఇల్లయితది."

"మేడం, దేవుని తోడు, ఇదంత వాళ్ల సామాను! గా బట్ట ఇప్పితే తెలుస్తది. మస్తు కురుస్తది మా ఇల్లు. జరంత సేపు ఆగుండ్రి, వాన వస్తది, మీ కండ్లతోని మీరే సూద్దురు!"

ఆగారు. నాలుగయింది. పిలవకుండా ఇరవై రెండేళ్లు వచ్చిన వాన ఆ రోజు పిలిచినా రాలేదు. పైగా మబ్బు విడి ఎండ కూడా కాసింది. సఫూరా ఆ ఎండను చూసి నోటికి వచ్చిన తిట్లన్నీ తిట్టింది.

శైలజ గడియారం చూసుకుంది. "ఇస్హాక్ భాయ్, టైమ్ లేదు. వాన రాకున్నా ఫికర్ లేదు, మీరు చెప్తే నేను రాసుకుంట. మీకు పక్కా ఇల్లు ఉన్నదా, లేదా?"

ఇస్హాక్ తల వంచుకున్నాడు. టీపాయ్ మీది ప్లాస్టిక్ పూలను సర్దాడు. "చాయ్ తాగుతరా మేడం? అక్కడ వరండల సల్లగ గాలొస్తది, పోదామా?" అన్నాడు.

"ఏజాజ్ అబ్బా!" అంది సఫూరా. అరవలేదు. అరిచే ఓపిక కూడా అయిపోయింది ఆమెకు. కళ్ల నీళ్లు వాటంతట అవే కారుతున్నాయి.

ఇస్హాక్ ఆమె వంక చూశాడు. తర్వాత ఏమనుకున్నాడో ఏమో, మూలనున్న స్టూలు లాక్కుని ఎక్కి శామియానా తాడు విప్పాడు. ఒక్కో మూలే విప్పుతూ పోతే ఎర్రగుడ్డ జారి సోఫా మీద పడింది. పైన పగిలిన పెంకులూ, నల్లబడ్డ వాసాలూ, సందుల్లోంచి ఎండ చుక్కలూ కనబడ్డాయి. కర్టెన్లు కూడా లాగేశాడు.

"లేదు మేడం," అన్నాడు. "మాకు పక్కా ఇల్లు లేదు. గీ ఇల్లు కురుస్తది."

అక్కడితో ఆగుతాడేమో అనుకున్నారు అందరూ. ఆగలేదు. గది మధ్యలోకి వచ్చి వేలు చూపిస్తూ మొదలుపెట్టాడు.

"దర్వాజ కాడ తపేలా వెడతది. పొయ్యి కాడ గంజు. గా వాసం కింద నీలం బకెట్, అది నిండేదాక గంట వడతది. గీ మూలకు రెండు గిన్నెలు, ఎందుకంటే ఒక్కటి వెడితే చుక్క ఎగిరి బిడ్డ పుస్తకాల మీద వడతది. నా మంచం వేసేది గిక్కడ. ఇల్లు మొత్తంల సుక్క వడని జాగా గిదొక్కటే. నన్ను గీడ పండుకోబెట్టి ఆమె గా గోడకు ఒరిగి కూసుంటది. ఇరవై రెండేండ్ల సంది గట్లనే కూసుంటాంది. నేను నిద్ర వోయిన అనుకుంటది. నేను ఏ ఒక్కనాడు నిద్ర వోలే మేడం. లేసి మాట్లాడితే గీ ఇల్లు కురుస్తదని ఒప్పుకోవాలె గద. అందుకని కండ్లు మూసుకున్న."

సీతామహాలక్ష్మి ముక్కు చీదింది. సఫూరాకు ఒకేసారి ఏడుపూ వచ్చింది, ఆ మనిషిని పట్టుకుని నాలుగు బాదాలనీ అనిపించింది. ఇన్నేళ్లూ కనబడదనుకుంది. ఆయనకు తనకంటే బాగా కనబడింది! నీలం బకెట్ నిండడానికి గంట పడుతుందని తనకే తెలియదు.

"ముందుగాల ఎందుకు జెప్పలే నాకు?" అంది.

"నీకు ఇంక పరేషాన్ ఎందుకని," అన్నాడు ఇస్హాక్.

"నీ పరేషాన్ పాడుగాను! ఇద్దరం కలిసి పడితె సగమయ్యేది గద!"

శైలజ రాసుకోవడం పూర్తి చేసి కాగితం ముందుకు జరిపింది. ఇస్హాక్ సంతకం చేశాడు. ఫోటో తీసేటప్పుడు సఫూరా వచ్చి పక్కన నిలబడింది. ఈ ఫోటోలో ఇస్హాక్ నవ్వలేదు, కానీ మెడ ఎత్తి నిలబడ్డాడు. శైలజ అక్కడే ఫోన్‌లో వివరాలు పంపించేసింది. టైమ్ నాలుగు నలభై అయింది.

"ఇగ చాయ్ ఇయ్యరా?" అని సోఫా వదిలేసి మంచం మీద కూర్చుంది శైలజ.

ఇస్హాక్ ఉలిక్కిపడ్డాడు. ఆ ఇంట్లో, ఆ పెంకుల కింద కూర్చుని చాయ్ తాగిన మొదటి పెద్దమనిషి ఆమే. ఆయన కప్పూ సాసరూ రెండు చేతులా పట్టుకుని తెచ్చిచ్చాడు. ఆమె తాగి ఇంకొంచెం పొయ్యమంది.

పది రోజుల తర్వాత కొత్త జాబితా పడింది, ఊరు మున్సిపాలిటీలో కలవడానికి సరిగ్గా రెండు రోజుల ముందు. షేక్ ఇస్హాక్, అర్హుడు. ఆ పొద్దున కూడా పుదీనా కట్టలు ఇంతింత లావున్నాయి. కాలనీ ఆడవాళ్లు భయపడి, ఏమైంది సఫూరా, ఇంట్లో గొడవా అని అడిగారు. సంతోషానికి కూడా ఆమెకు పిడికిలి కొలత తప్పుతుందని వాళ్లకు అప్పుడే తెలిసింది.

మరుసటి వానాకాలానికి రెండు గదులు, ఒక వంటిల్లు, ముందర వరండా లేచాయి. వరండా లేకుండా ఇల్లు కట్టనంటే కట్టనన్నాడు ఇస్హాక్. మెహ్మాన్లు రావాలి కదా మరి.

శ్రావణంలో ఒకరోజు మధ్యాహ్నం జోరున వాన. వరండా మెట్ల దగ్గర గొడుగుల చప్పుడైతే సఫూరా తలుపు తీసింది. వెంకటరామయ్య, సీతామహాలక్ష్మి, వాళ్ల వెనకాల తణుకు నుంచి వచ్చిన బావగారూ అక్కగారూ, నలుగురూ సగం సగం తడిసి ఉన్నారు.

"ఏం చెప్పమంటారు ఇస్హాక్ భాయ్," అన్నాడు వెంకటరామయ్య మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక. "మా శ్లాబు ఉరుస్తోందండీ. హాలంతా నీళ్లు. సరిగ్గా ఇవాళే చుట్టాలు దిగారు. కాసేపు మీ ఇంట్లో..."

"అయ్యో సార్, అడుగుడేంది! మీ ఇల్లే అనుకోండ్రి," అంటూ ఇస్హాక్ నాలుగు కుర్చీలూ ఒక్కడే ఎత్తుకొచ్చాడు.

"మీ ఇంట్లకు తపేలా ఏమన్న గావాల్నా అక్కా?" అంది సఫూరా. "మా తాన మస్తున్నయి, ఇగ పని లేదు వాటికి."

సీతామహాలక్ష్మి ముందు నవ్వింది, తర్వాత నిజంగానే రెండు అడిగి పుచ్చుకుంది. తణుకు బావగారు తల తుడుచుకుంటూ, అప్పటికే ఒకచోట మోసపోయిన మనిషి కనుక, పైకి అనుమానంగా చూశాడు.

"ఇది పక్కా ఇల్లేనాండీ?" అన్నాడు.

ఇస్హాక్ కూడా తలెత్తి పైకి చూశాడు. సఫూరా చూసింది. బయట వాన కుండపోతగా పోస్తోంది. లోపల ఎక్కడా ఒక్క చుక్క లేదు.

"పక్కా," అన్నాడు ఇస్హాక్. ఈసారి ఉర్దూలోనే అన్నాడు.